మెత్తని గొంతు గల డైరెక్టరు

మా కోడలి మీద దొంగతనం మోపిన చోట కథ ఆగింది. అక్కడినుంచే అందుకుంటాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు.

నా పని తప్పులు చెయ్యడం. ఇంగ్లీషు వాక్యంలో తప్పొకటి పెట్టి, కనుక్కోమని జనాన్ని పరీక్షించడం. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవాళ్ల కోసం మా బావమరిది ఒక ట్యుటోరియల్ నడుపుతాడు. దాని ఇంగ్లీషు ప్రశ్నపత్రాలన్నీ నేనే రాస్తాను. వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, ఏ ముక్కలో తప్పుందో గుర్తు పెట్టమంటాం. నాలుగో గడి 'తప్పు లేదు' అనేవాళ్ల కోసం. ఊరి బడిలో బెత్తం కింద నేర్చుకున్న ఇంగ్లీషు నాది. డిస్కస్ అబౌట్ అనేవాళ్లనీ, రిటర్న్ బ్యాక్ అనేవాళ్లనీ మనుషుల్లో జమకట్టను.

ప్రతి పత్రంలోనూ ఒక ఎర పెడతాను. ఆ వాక్యం కడిగిన ముత్యంలా ఉంటుంది. సరైన జవాబు 'తప్పు లేదు'. జవాబుల కీలో మాత్రం కావాలనే ఇంకో గడి రాసిపెడతాను. దానికి మార్కులు లెక్కపెట్టం. ఆ తప్పుడు జవాబే ఒక క్లాసంతా రాసిందంటే, కీ ఎవరి చేతికో చిక్కిందన్నమాట. ఈ సంగతి నాకూ మా బావమరిదికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఈసారి సాయంత్రం క్లాసు ఎర మింగింది. ఒక్కడు తప్ప అందరూ. ఆ క్లాసుకు చెప్పేది మా కోడలు. కీ ఉండేది మా ఇంట్లో, నా బల్ల సొరుగులో. వెళ్లి చూస్తే కీ ఉన్న కవరు బోర్లా పడి ఉంది. నేనెప్పుడూ కవరు ముఖం పైకే పెడతాను. సొరుగు తెరిచావా అని కోడల్ని అడిగాను. తల దించుకుంది. తెరవలేదని మాత్రం అనలేదు. నాకది చాలింది.

మా అబ్బాయి గోడకేసి చూస్తూ, "తను అలాంటి పని చెయ్యదు" అన్నాడు. మావాడు నాతో నేరుగా మాట్లాడడు. చెప్పాల్సింది గోడకు చెప్తాడు, నేను గోడ దగ్గర తీసుకుంటాను. వాడు కాలేజీలో ఉన్న రోజుల్లో నా ఎర్రసిరా పెన్ను పోయింది. ఊళ్లో మాస్టారు బడి వదిలి వెళ్లేటప్పుడు నా చేతిలో పెట్టిన పెన్ను అది. వాడే పోగొట్టాడన్నాను. లేదన్నాడు. అబద్ధమాడుతున్నావన్నాను. ఆ రోజునుంచి గోడే మా మధ్య మనిషి. వాళ్లమ్మ ఉన్నన్నాళ్లు ఆ మాటలు కాస్త మెత్తచేసి అటూ ఇటూ అందించేది. ఆవిడ పోయాక మెత్తచేసే దిక్కు లేదు.

ఇక అసలు సంగతి.

ఆ సాయంత్రం డైరెక్టరు గదిలో ఆయనా, నేనూ, మా కోడలూ ముగ్గురం కూర్చున్నాం. డైరెక్టరంటే మా బావమరిదే. అద్దాల గది. అవతల సాయంత్రం క్లాసు. పిల్లలు కాదు వాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటూ పైమెట్టు కోసం చదివే పెద్దవాళ్లు. లిఫ్టు నడిపే ఆయన, పోస్టు పంచే ఆయన, ఇద్దరు గుమాస్తాలు, డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చే నర్సమ్మ. పాఠం చెప్పేవాళ్లు లేక పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నారు. ఒక కన్ను పేపరు మీద, ఒక చెవి అద్దం మీద.

చెవి పెట్టాల్సిన పని కూడా లేదు. మా బావమరిది గొంతు అలాంటిది. ఆయన ఫోనెత్తి హలో అంటే అవతలివాడికి ఫోను అక్కర్లేదు. ట్యుటోరియల్‌లో అందరూ ఆయన్ని మైకు అంటారు. ఆయనకు తప్ప అందరికీ తెలిసిన పేరు అది.

ఆయనకు ఆ రోజు మాట్లాడటం ఇష్టం లేదు. పేపర్‌వెయిటు తిప్పుతూ కూర్చున్నాడు. నన్ను కానిమ్మన్నట్టు చూశాడు. నేను ఆలస్యం చెయ్యలేదు. కీ బయటికి పోయిందని రుజువైందనీ, చెప్పాల్సిందేమైనా ఉంటే చెప్పమనీ, లేకపోతే ఈ రోజుతో ఉద్యోగం ఆఖరనీ అన్నాను. ఆ మాట బయటికి పొక్కితే ఇంకే ట్యుటోరియల్ కూడా ఆమెను గడప తొక్కనివ్వదు. అది ముగ్గురికీ తెలుసు. ఇంటి దగ్గర ఆమె పెట్టె సర్ది మంచం పక్కన ఉంది. అదీ తెలుసు. ఆమె వెళ్తే మావాడూ వెళ్తాడు. నాకు గోడ మిగులుతుంది.

"రుజువు అంటున్నారు. అదేంటో ఇంతవరకు చూపించలేదు మామయ్యా" అంది.

మా బావమరిది నా వైపు చూశాడు. ఎర ప్రశ్న చూపించకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. చూపిస్తే ఇక అది ఎర కాదు. కానీ ఆయనకు ఆ పిల్లంటే అభిమానం. ఇంట్లో బాబాయిగారూ అని పిలుస్తుంది, ఆ రోజు మాత్రం సార్ అంటోంది. ఆ సార్ ఆయన్ని లోపల్నుంచి తినేస్తోంది.

"చూపించు బావా. కళ్లతో చూసుకోకుండా ఒప్పుకోమంటే ఎలా?" అన్నాడు. నెమ్మదిగానే అన్నాననుకున్నాడు. అవతల పోస్టాయన తల తిప్పి చూశాడు.

ప్రశ్నపత్రం తీసి, ఎర మీద వేలుపెట్టి, బల్ల మీదుగా తోశాను. ఆమె దాన్ని ముక్కు దాకా ఎత్తుకుని చదివింది. ఈమధ్య ఏది చదివినా అంతే. నాకు అదో నటన అనిపించేది.

చదివాక పేపరు దించలేదు. పేపరు వెనకాల భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. పేపరు దించితే నవ్వు.

మండిపోయింది నాకు.

ఆ వాక్యం నేనే రాశాను కాబట్టి చెప్పగలను, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. 'మా డైరెక్టరు' అన్నది మొదటి ముక్క. 'మెత్తని గొంతు గల మనిషి కావడంతో' అన్నది రెండోది. 'ఎవరినీ కసురుకోరు' అన్నది మూడోది. ఇంగ్లీషులో అది నిక్షేపంలాంటి వాక్యం. వాక్యాల కోసం నేను ఎక్కడికో పోను, కళ్లముందు ఎవరుంటే వాళ్లమీద రాస్తాను. రాసిన రోజు బావమరిది నా ముందు కూర్చున్నాడు. కీలో రెండో ముక్క తప్పని వేశాను. అదీ ఏ లెక్కా లేకుండా వేసిందే.

ఆమె నవ్వు ఆపుకుని, పేపరు బల్లమీద పెట్టింది.

"నేను చెప్తే నమ్మరు. క్లాసులో మీకు నచ్చినవాళ్లని పిలిచి అడగండి. ఈ గడే ఎందుకు పెట్టారని, అంతే. నేను నోరు విప్పను."

నేను అద్దంలోంచి చూసి నర్సమ్మను పిలిచాను. వయసులో పెద్దది, మొహమాటం లేని మనిషి, అబద్ధం చెప్పినా నిలబెట్టుకోలేదు. వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. టీచరమ్మ మొహం చూసింది. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ప్రశ్న చూపించి అడిగాను. నర్సమ్మ చదివింది. నన్ను చూసింది. డైరెక్టరును చూసింది. పేపరు నాకు తిరిగిచ్చేసింది.

"గుర్తు లేదు సార్."

"ఒక్కరు కాదు, క్లాసంతా అదే గడి పెట్టారు. గుర్తు లేకపోవడమేంటి?"

"మామూలుగానే పెట్టాం సార్. నేను వెళ్లొచ్చా?"

దాస్తోందని తెలిసిపోతోంది. నాకు లోపల ఒక పక్క గెలిచినట్టుంది. ఒక పక్క మంచం పక్కన పెట్టె కనిపిస్తోంది. రెండోదే ఎక్కువ కనిపిస్తోంది. ఆ మాట అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాదు.

మా బావమరిది బతిమాలే గొంతు పెట్టాడు. భయం లేదనీ, ఏమీ జరగదనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పమనీ అన్నాడు. నర్సమ్మ యూనిఫారం చీరకొంగు వేలికి చుట్టుకుంది.

"నిజం చెప్తే కోప్పడరు కదా సార్?"

"నేనా? నేనెప్పుడైనా ఎవరిమీదైనా కోప్పడ్డానా?" అన్నాడు మా బావమరిది.

బల్లమీద టీ గ్లాసు చప్పుడు చేసింది. అవతల క్లాసులో పేపర్ల చప్పుడు ఆగిపోయింది. వీధిలో బండి తోసుకుపోతున్నవాడు ఆగి, తననే పిలిచారనుకుని కిటికీ వైపు చూశాడు.

నర్సమ్మ తల వంచి, "అదే సార్" అంది.

మా బావమరిదికి ఎక్కలేదు. నాకు ఎక్కింది. ఎక్కడం మొదలుపెట్టింది.

తర్వాత నర్సమ్మ నెమ్మదిగా అంతా చెప్పుకొచ్చింది. టీచరమ్మ క్లాసు మొదట్లో రోజూ అబద్ధాల ఆట ఆడిస్తుందట. క్లాసులో ఉన్న మనిషి మీదే ఇంగ్లీషులో ఒక వాక్యం బోర్డు మీద రాస్తుందట. వాక్యంలో ఒక ముక్క అబద్ధం. లిఫ్టాయన్ని మెట్లంటే ఇష్టమున్న మనిషంటుంది, బట్టతల గుమాస్తాను దువ్వెన పోగొట్టుకున్నాడంటుంది. అబద్ధమున్న ముక్క ఏదో అరవాలి. ఆ తర్వాతే వ్యాకరణం. వాక్యం ఏం చెప్తోందో వినకుండా దాంట్లో తప్పు వెతకొద్దని ఆవిడ నియమమట.

"మీ పరీక్షలో ఆ వాక్యం చూశాక, ఇదీ మన ఆటేననుకున్నాం సార్. పేపర్లో కూడా మేడమే పెట్టించారనుకున్నాం. మొదటి ముక్క సరే, డైరెక్టరు గారు ఉన్నారు. రెండో ముక్క దగ్గరికి రాగానే ఇంక ఆలోచించలేదు."

"మూడో ముక్క కూడా అబద్ధమేగా" అన్నాన్నేను. పరీక్ష పెట్టే బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ముందు రెండోది వచ్చింది సార్."

"మరి ఒకాయన సరిగ్గా పెట్టాడు. తప్పు లేదన్నాడు. ఆయనొక్కడే నిజాయితీపరుడని నేను రాసి పెట్టుకున్నాను."

"ఆయన ఆ రోజే చేరారు సార్" అంది నర్సమ్మ. "డైరెక్టరు గారి గొంతు ఇంకా వినలేదు."

మా బావమరిది పేపర్‌వెయిటు వదిలేశాడు. వాక్యం మళ్లీ చదువుకున్నాడు, ఈసారి పెదాలు కదుపుతూ. చదివి, నా గొంతు అంత పెద్దదా బావా అని నన్నడిగాడు. అడిగిన తీరుకే జవాబు దొరికిపోయింది. అవతల క్లాసంతా ఒక్కసారి దగ్గింది. నవ్వు దాచుకునే దగ్గు.

అయినా నేను అంత తొందరగా లొంగే మనిషిని కాదు. ముందే అనుకుని కథ అల్లి ఉండొచ్చు. ఆ క్లాసు జవాబు పత్రాల కట్ట తీయించాను. ఎర దొరికాక మిగతా జవాబులు చూసే అలవాటు నాకు లేదు. పడ్డాడంటే పడ్డాడే, ఇంకేం చూడాలి? ఆ రోజు మాత్రం ఒక్కొక్కటి తీసి చూశాను.

తప్పులు. కట్ట నిండా తప్పులు. వన్ ఆఫ్ మై ఫ్రెండ్ దగ్గర గుమాస్తాలిద్దరూ బోల్తా. సిన్స్ ఉండాల్సిన చోట ఫర్ చూసి పోస్టాయనకు ఏ అనుమానమూ రాలేదు. నర్సమ్మ పత్రంలో కొన్ని చోట్ల నా కీకీ ఆవిడ జవాబుకూ చుట్టరికమే లేదు. కీ చూసినవాళ్లు ఇన్ని తప్పులు చెయ్యరు. చెయ్యమన్నా చెయ్యలేరు. కావాలని తప్పు చెయ్యడం ఎంత కష్టమో నాకంటే ఎవరికి తెలుసు.

పత్రం తిప్పిన కొద్దీ గుండెల మీద బరువు దిగుతోంది. తప్పులు చూసి సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. ఆఖరి పత్రం కింద పెట్టాను. గ్లాసులో చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను, చేతులకు ఏదో పని కావాలని.

"ఈ అమ్మాయి కీ చూడలేదు" అన్నాను.

అంతకంటే ఎక్కువ అనలేదు. క్షమించమని అడిగే అలవాటు నాకు లేదు, అది అందరికీ తెలుసు. పైగా ఆ ఆట నాకు నచ్చలేదు. వ్యాకరణానికి నిజంతో పనేంటి? అబద్ధాన్ని కూడా శుభ్రంగా చెప్పడమే వ్యాకరణం. ఆ మాటా అన్నాను. మా కోడలు ఆ మాటకు చిన్నగా నవ్వి, బాగుంది మామయ్యా, ఇంటికెళ్లాక పోట్లాడుకుందాం అంది. ఇంటికెళ్లాక. పెట్టె తిరిగి విప్పుతుందన్నమాట. నాకు అందులో వినపడింది అదొక్కటే.

మా బావమరిది లేచి తలుపు తీసి, "వెళ్లమ్మా, క్లాసు తీసుకో" అన్నాడు గుసగుసగా. ఆయన జీవితంలో మొదటి గుసగుస. ఎవరికీ వినపడలేదు. రెండోసారి మామూలుగా చెప్పాల్సి వచ్చింది. ఆమె "సరే బాబాయిగారూ" అంది. ఆయన అటు తిరిగి కిటికీ రెక్క సర్దుకున్నాడు, సర్దాల్సిందేమీ లేకపోయినా.

నర్సమ్మ వెళ్తూ వెళ్తూ ఆమె చెవిలో, ముందు కళ్లజోడు చేయించుకోండి మేడమ్, రోజూ చెప్తున్నాను అంది. అదీ నాకు వినపడింది.

క్లాసయ్యేదాకా వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. లోపల ఆట నడుస్తోంది. బోర్డు మీద ఏం రాసిందో గానీ, అందరూ ఒక్కసారి రెండో ముక్క అని అరిచి నవ్వారు. నామీదే అయ్యుంటుంది.

ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. బట్టల కొట్టువాడు షట్టరు దించుతున్నాడు. నా మనసు తేలికైంది. కానీ పూర్తిగా కాదు. ఒక్కటి మిగిలింది. కీ చూడలేదు, సరే. కవరు ఎందుకు తిరగబడింది? అడిగినప్పుడు లేదని ఎందుకు అనలేదు?

అడగకుండా ఊరుకోవచ్చు. ఊరుకునే మనిషినైతే నా బతుకు ఇంకోలా ఉండేది.

"సొరుగు తెరిచావా?" అన్నాను.

"తెరిచాను మామయ్యా."

ఆగిపోయాను. తను కూడా ఆగింది.

"అక్షరాలు ఆనడం లేదు నాకు. చాలా రోజులుగా. అత్తయ్య మంచంలో ఉన్నప్పుడు నాతో అన్నారు, నీకు కళ్లజోడు వచ్చే రోజున కొత్త ఫ్రేము కొనకు, నాది గట్టిది, అద్దాలు మార్పించుకో, ఆయన సొరుగులో పెట్టె ఉంటుంది అని. ఆ పెట్టె కోసం తెరిచాను. కవరు దాని మీద ఉంది. తీసి పక్కన పెట్టాను. తిరిగి పెట్టేటప్పుడు ఎటు పెట్టానో చూడలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే పెట్టె చూపించమనేవారు."

అప్పుడు తట్టింది నాకు. కవరు తిరగబడిందని చూశాను. పక్కన కళ్లజోడు పెట్టె లేదని చూడలేదు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి రోజూ ఆ సొరుగు తెరుస్తున్నాను. ఆ పెట్టెను ఒక్కసారీ ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా అక్కడ ఉంటుందనుకున్నాను. తప్పులు పట్టేవాడి చూపు అది.

మా గేటు దాకా వచ్చాక ఆమె సంచిలోంచి పెట్టె తీసింది. నల్ల పెట్టె, అంచు అరిగిపోయింది. నా చేతిలో పెట్టింది.

"అందులో కళ్లజోడు లేదు మామయ్యా."

కళ్లజోడు ఆస్పత్రిలోనే పోయిందని అప్పుడెవరో అన్నారు. నేను వినిపించుకోలేదు. పెట్టెలో ఏదో కదిలింది. కళ్లజోడు చేసే చప్పుడు కాదు. మూత తీశాను.

దూది. దూదిలో నా ఎర్రసిరా పెన్ను. నిబ్బు వంగిపోయి, ఒక పక్కకు విరిగి ఉంది. ఎవరి చేతిలోంచో రాతి మీద పడితే విరిగినట్టు. మాస్టారు ఇచ్చిన పెన్ను. మావాణ్ని అబద్ధాలకోరును చేసిన పెన్ను. ఆవిడ కళ్లజోడు పెట్టెలో, నా సొరుగులో, నా మోచేతి కింద.

గేటు చప్పుడుకు మావాడు వరండాలోకి వచ్చాడు. ముందు పెళ్లాం మొహం చూశాడు. మొహంలో భయం లేదని చూసి ఊపిరి వదిలాడు. అప్పుడు నా చేతిలోకి చూశాడు. నేను వాడి మొహంలోకి చూశాను. అక్కడ ఆశ్చర్యం లేదు. పెన్ను ఎక్కడుందో, ఎవరు విరిచారో, వాడికి ముందునుంచీ తెలుసు.

"దొరికిందా?" అన్నాడు.

గోడ వాడి వెనకాల ఉంది. వాడు చూస్తున్నది నన్ను.

"అమ్మ ఉన్నన్నాళ్లు చెప్పనని మాటిచ్చాను. లోపలికి రండి నాన్నా. కూర్చుంటే చెప్తాను."

పెట్టె మూసి, చెప్పులు విప్పాను.